బేతాళుడు మా ఇంటి చుట్టం

అర్ధరాత్రి, శ్మశానం. చెట్టు మీంచి దించిన శవాన్ని భుజాన వేసుకుని, చేత కత్తి పట్టుకుని ఒక రాజు నడిచిపోతుంటాడు. చుట్టూ పుర్రెలూ ఎముకలూ. ఇలాంటి బొమ్మ ఇవాళ పిల్లల పత్రికలో వేస్తే మర్నాటికల్లా తల్లిదండ్రులు తగువుకొస్తారు. మా చిన్నతనంలో అది నెలనెలా మా ఇంటికొచ్చేది. తెప్పించేది నాన్న. ముందు చదివేది నాయనమ్మ. ఆవిడ అయ్యాకే మా వంతు. పిల్లల్ని జడిపించే కథలు పెద్దవాళ్ళే కొని, పెద్దవాళ్ళే చదివి వినిపించిన కాలం ఒకటుండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మాది గుడివాడ దగ్గర పల్లె. డెబ్భైల నాటికి ఊళ్ళో కరెంటు ఉంది గానీ, పొద్దుగూకాక ఉంటుందన్న నమ్మకం ఎవరికీ లేదు. భోజనాలయ్యాక అరుగు మీద చాప పడేది. చాప పక్కన లాంతరు. పిల్లల మాసపత్రిక ‘చందమామ’ వచ్చిన రోజున పక్కిళ్ళ పిల్లలు కూడా వచ్చి చేరేవాళ్ళు. నాయనమ్మ కళ్ళజోడు సరిచేసుకుని, గోడకు జారగిలబడి, నేరుగా బేతాళ కథ తీసేది. భారతం చదివిన గొంతుతోనే అదీ చదివేది. ఆవిడ దృష్టిలో రెంటికీ పెద్ద తేడా లేదు.

బేతాళ కథ చదవడంలో ఆవిడదో పద్ధతి. కథ చివర శవంలోని బేతాళుడు చిక్కుప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోయావో తల పగులుతుందని బెదిరిస్తాడు. సరిగ్గా అక్కడికి రాగానే మిగతా పేజీని అరచేత్తో మూసేసేది.

“ఆగండ్రా. రాజు చెప్పేది తర్వాత. తప్పెవరిదో ముందు మీరు చెప్పండి.”

“రాజకుమారుడిదే నాయనమ్మా.”

“ఎందుకని? ఊరికే అనేస్తే కుదరదు. బేతాళుడు ఒప్పుకోవాలి.”

మా అన్న మంత్రిదే తప్పనేవాడు. అక్క పెళ్ళికూతుర్ని వెనకేసుకొచ్చేది. వీధిలో చుట్ట కాల్చుకుంటూ నిలబడ్డ పక్కింటి బాబాయి ఉండబట్టలేక, “అసలు తప్పంతా ఆ పిల్ల తండ్రిదండీ పిన్నిగారూ” అని అక్కణ్ణించే తీర్పు చెప్పేవాడు. అందరూ ఒక మాట అన్నాకే నాయనమ్మ చెయ్యి తీసేది. రాజు విక్రమార్కుడి జవాబు ఎవరి జవాబుతో కలిస్తే ఆ రాత్రికి వాళ్ళదే పైచెయ్యి. ఈ గొడవలో శవం భుజాన ఉన్న సంగతే మర్చిపోయేవాళ్ళం. పడుకోబోయేముందు మళ్ళీ గుర్తొచ్చేది.

ఈ కథల మూలం చాలా పాతది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన ‘కథాసరిత్సాగరం’లో బేతాళ కథలు ఇరవై అయిదు. అక్కడ దానికో ముగింపు ఉంది. చివరి ప్రశ్నకు రాజు జవాబు చెప్పలేక ఊరుకుంటాడు. అప్పుడు బేతాళుడు, శవాన్ని తెమ్మన్న భిక్షువు చేసిన కుట్ర బయటపెడతాడు. బలి కావలసిన రాజు ఆ భిక్షువునే బలి ఇస్తాడు. ‘చందమామ’ వాళ్ళు మాత్రం ఆ ఇరవై అయిదుతో ఆగలేదు. చట్రం అదే ఉంచి, కొత్త కథలు వందల కొద్దీ రాయించారు. దశాబ్దాల తరబడి విక్రమార్కుడు నడుస్తూనే ఉన్నాడు. శవాన్ని భిక్షువుకు అప్పగించిందీ లేదు, భుజం మీంచి దించుకున్నదీ లేదు. ఆ శీర్షిక బొమ్మతో దేశమంతటా పేరు పడ్డ చిత్రకారుడు శంకర్ 2020లో కన్నుమూసినప్పుడు, పత్రికలన్నీ ఆయన్ను తలుచుకున్నది ఆ విక్రమార్కుడితోనే.

బేతాళ కథ ఇంటిల్లిపాదిదీ. సీరియల్ మాత్రం పిల్లలది. అసలు భయం అక్కడుండేది.

‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’. ఈ పేర్లు వరస తప్పకుండా చెప్పగలిగినవాళ్ళు మా ఈడువాళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. 1954లో మొదలై పాతికేళ్ళ పాటు సాగిన ఈ పన్నెండూ ఒక్క చేతి రాత. ఆ చెయ్యి దాసరి సుబ్రహ్మణ్యంగారిది. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. ఉద్యోగులు రాసినవాటికి పేరు వేసే ఆనవాయితీ అక్కడ లేదు. రాకాసిలోయలో కేశవుడూ జయమల్లూ ఎవరో, బ్రహ్మదండి మాంత్రికుడు ఎంతటివాడో మాకు తెలుసు. వాళ్ళను పుట్టించినాయన మద్రాసు వడపళనిలో బల్ల ముందు కూచుని రాసుకునే ఉద్యోగి అని మాకు తెలిసేసరికి మా జుట్టు నెరిసింది. 2010లో ఆయన పోయారు.

ఆ కథల్లో లేని బీభత్సం లేదు. కాళీ విగ్రహం ముందు బలిపీఠం, దాని మీద కట్టిపడేసిన మనిషి, పైకెత్తిన కత్తి. పుర్రె తగిలించిన కర్ర పట్టుకు తిరిగే మంత్రగాళ్ళు. పాడుబడ్డ గుళ్ళు, గుహలు, సొరంగాలు, నరమాంసం తినేవాళ్ళు. మనిషీ మృగమూ కాని వింత జీవాలు. వీటికి బొమ్మలు గీసింది చిత్ర. అసలు పేరు టి.వి. రాఘవన్. ఆయన గీసిన మాంత్రికుడి కనుగుడ్లు చూడాలి. కథలో వాడు ఎవర్నో చూస్తుంటాడు గానీ, బొమ్మలో మనవైపే చూస్తున్నట్టుండేది. ఆ పేజీ వచ్చినప్పుడు మా చెల్లెలు ఆ కళ్ళ మీద వేలు పెట్టి కథ వినేది.

ప్రతి నెలా కథ ఆగేది కత్తి పైకెత్తిన చోటే. కింద “ఇంకా ఉంది” అని ఉండేది. ఇక ముప్పై రోజులు ఆ కత్తి అలా గాల్లోనే. బళ్ళో మధ్యాహ్నం కాగానే పంచాయితీలు. కథలోని సిద్ధసాధకుడు వచ్చి విడిపిస్తాడని ఒకడు, రాడు, జయశీలుడే కట్లు తెంపుకుంటాడని ఇంకొకడు. మా క్లాసులో ఒకడు తర్వాతి నెల కథ తనకు ముందే తెలుసనీ, వాళ్ళ మావయ్య మద్రాసులో ఉంటాడనీ చెప్పి, దానికి జీళ్ళు వసూలు చేసేవాడు. వాడు చెప్పినట్టు ఒక్కసారీ జరగలేదు. అయినా వాడి బేరం తగ్గలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ‘చందమామ’ పెట్టిన చక్రపాణిగారు తెనాలివారు. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలివారు. దాసరివారిదీ ఆ చుట్టుపక్కలే. కుటుంబరావుగారు మార్క్సిస్టు, హేతువాది. దయ్యాలూ మంత్రాలూ లేవని జీవితమంతా రాసినాయన, మా ఇంటికి నెలనెలా బేతాళుణ్ణి పంపించాడు. కథకూ నమ్మకానికీ ఉన్న దూరం ఆయనకు బాగా తెలుసు. అందుకే ఎంత ఘోరమైన సంగతైనా ‘చందమామ’లో తేట తెలుగులో, తొణకని వాక్యాల్లో ఉండేది. “అతని తల తెగి కింద పడింది” అన్నంత తేలిగ్గా చెప్పి ముందుకు పోయేవారు. రక్తం ఎలా చిమ్మిందో, అరుపు ఎలా ఉందో పేజీలకు పేజీలు వర్ణించేవారు కాదు. ఆ మిగిలిందంతా మేమే ఊహించుకుని మేమే జడుసుకునేవాళ్ళం.

సీరియల్ అయిపోయాక దానికి రెండో బతుకు మొదలయ్యేది. దాన్ని చూడాలంటే గుడివాడలో అద్దె పుస్తకాల షాపుకు వెళ్ళాలి. షాపు మేష్టారు పాత ‘చందమామ’లు తూకానికి కొనేవారు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఒక్కో సంచిక పిన్నులు వంచి ఊడదీసి, సీరియల్ కాగితాలు మాత్రం జాగ్రత్తగా వేరు చేసేవారు. ‘పాతాళదుర్గం’ ఒక దొంతర, ‘శిథిలాలయం’ ఒక దొంతర. ఒక నెల దొరక్కపోతే దొంతర అలా ఆగేది. ఆ నెల సంచిక తెచ్చిచ్చినవాడికి వారం రోజులు అద్దె లేకుండా పుస్తకాలు. అన్నీ కుదిరాక అంచులు సరిచేసి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, పురికొసతో బిగించి కుట్టేవారు. మైదా ఉడికించిన జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేవారు, పురుగు పట్టకుండా. పాత క్యాలెండరు అట్ట, వెన్నుకు ముతక గుడ్డ ముక్క. రాత్రంతా ఇటికల బరువు కింద పెడితే పొద్దున్నకి బైండు తయారు. వెన్ను మీద ఇంకుతో పేరు. ఆ మైదా, మైలుతుత్తం వాసన నాకు ఇప్పటికీ రాకాసిలోయ వాసనే.

రోజుకు పది పైసలు అద్దె. పేజీ చింపితే డిపాజిట్ పోయినట్టే. మాకంటే ముందు చదివినవాళ్ళు మార్జిన్లలో పెన్సిలుతో హెచ్చరికలు రాసి పెట్టేవాళ్ళు. “ముందు పేజీ రాత్రిపూట తియ్యొద్దు” అని ఒకడు. దాని కింద “తీశాను, ఏమీ కాలేదు” అని ఇంకొకడు. దాని కింద వేరే చేతిరాతతో “అబద్ధం, నీకు జొరం వచ్చింది” అని మూడోవాడు. ఆ ముగ్గురూ ఎవరో ఎవరికీ తెలీదు. ఆ షాపులోనే కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు పై అరలో ఉండేవి. అవి పెద్దవాళ్ళకి. కింది అరలో ‘బాలమిత్ర’, ‘బొమ్మరిల్లు’. పిల్లల చేతికందేది కింది అర. శవాలూ పుర్రెలూ ఎక్కువున్నదీ కింది అరలోనే. మేష్టారికి గానీ మా పెద్దవాళ్ళకి గానీ అందులో వింతేమీ కనబడలేదు.

సముద్రానికి అవతల ఇదే సరుకు మీద ఎంత రభస జరిగిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత చదివితే తెలిసింది. అమెరికాలో 1950లో విలియం గేన్స్ అనే ఆయన తన ఈసీ కంపెనీ తరఫున ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’, ‘ది వాల్ట్ ఆఫ్ హారర్’, ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’ అనే బొమ్మల పుస్తకాలు మొదలుపెట్టాడు. ఒక్కోటి పది సెంట్లు. సమాధుల్లోంచి లేచొచ్చే కుళ్ళిన శవాలు, చేసిన పాపానికి తగినట్టు చచ్చే దుర్మార్గులు. మనకు బేతాళుడు కథ చెప్పినట్టే, అక్కడా ఒక్కో పుస్తకంలో ఒక్కో వికారపు ముసలి మొహం పలకరించి, ఎకసెక్కాలాడుతూ కథ చెప్పేది. గ్రాహమ్ ఇంగెల్స్ అనే చిత్రకారుడైతే తన బొమ్మల కింద ‘ఘాస్ట్లీ’ అని సంతకం పెట్టుకునేవాడు. పిల్లలు విరగబడి కొన్నారు. పెద్దవాళ్ళకు తెలియకుండా, పరుపుల కింద దాచుకుని చదివారు.

అసలు చిక్కంతా ఆ దాచుకోవడం దగ్గరే వచ్చింది. పెద్దవాళ్ళ కంట పడేసరికి అది నేరమైపోయింది. అంతకుముందే, 1948లో, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ ఊళ్ళో కామిక్స్ పుస్తకాలు కుప్ప పోసి, పిల్లల చేతే తగలబెట్టించారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు, పిల్లలు నేరస్తులవుతున్నది ఈ పుస్తకాల వల్లేనని ఏకంగా గ్రంథమే రాశాడు. ఆయన తన ఆధారాలను తనకు కావలసినట్టు మార్చుకున్నాడని చాలా ఏళ్ళకు ఆయన కాగితాలు తిరగేసిన పరిశోధనలో తేలింది. కానీ అప్పటికి జరగవలసింది జరిగిపోయింది. 1954 ఏప్రిల్ 21న సెనేట్ ఉపసంఘం ముందు గేన్స్ నిలబడ్డాడు. ఒక చేత గొడ్డలి, ఇంకో చేత జుట్టు పట్టుకున్న ఆడమనిషి తల ఉన్న అట్టబొమ్మను సెనేటర్ కెఫావర్ పైకెత్తి చూపించి, ఇది సభ్యతగా ఉందా అని అడిగాడు. భయానక పుస్తకానికి తగినట్టే ఉందన్నాడు గేన్స్. ఆ జవాబుతో పరువు పోయింది. అదే ఏడాది ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. పేర్లలో ‘హారర్’, ‘టెర్రర్’ అన్న మాటలు ఉండకూడదు. నడిచే శవాలు, రక్తపిశాచాలు కనబడకూడదు. గేన్స్ భయానక పుస్తకాలు మూతపడ్డాయి. 

అదే 1954లో ఇక్కడ దాసరివారి మొదటి సీరియల్ ‘తోకచుక్క’ మొదలైంది. ఎవరూ కమిటీ వెయ్యలేదు. వెయ్యాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. తెగిన తల మనకు కొత్త కాదు. కాళికాదేవి పటంలో ఉంది, మెడనిండా కపాలాల మాలతో సహా, మా దేవుడి గూట్లోనే. శ్మశానంలో కాపలా కాసిన రాజు కథ హరిశ్చంద్ర నాటకంలో తెల్లవార్లూ చూశాం. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో బలి ఇచ్చే మాంత్రికుణ్ణి ఊరూరా పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళి చూపించారు. ఇక్కడ భయం ఇంటి ముంగిట్లో, దేవుడి పక్కన, అందరి ఎదుటా ఉండేది. అమెరికా పిల్లలు ఒంటరిగా దుప్పట్లో టార్చిలైటు వేసుకుని చదివిన రకం కథనే మేము నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని విన్నాం. తేడా బొమ్మల్లో లేదు. పక్కన ఎవరున్నారన్న దగ్గరే ఉంది.

మేము జడుసుకోలేదని కాదు. కథ అయ్యాక పెరట్లోకి వెళ్ళాలంటే ఇద్దరిద్దరం వెళ్ళేవాళ్ళం. చెరువు గట్టు మీది చింతచెట్టు దగ్గరకు రాగానే ఎవడో ఒకడు పరుగందుకునేవాడు, మిగతావాళ్ళు వాడి వెనక. కానీ ఆ భయానికి ఒక హద్దుండేది. మాంత్రికుడు ఎంతటివాడైనా ఆఖరికి చస్తాడని ఖాయంగా తెలుసు. సీరియల్ వీరులైన జీవదత్తుడికీ ఖడ్గవర్మకీ ఎన్ని ప్రాణగండాలొచ్చినా ఇల్లు చేరతారనీ తెలుసు. రాత్రి ఉలిక్కిపడి లేస్తే నాయనమ్మ, “మాంత్రికుడొచ్చాడా? పొమ్మని చెప్పు, పొద్దున్నే బడుందని చెప్పు” అనేది. అంతే, నిద్ర పట్టేది. భయపడ్డాక తేరుకోవడం ఎలాగో ఆ అరుగు మీదే నేర్చుకున్నాం. తర్వాత జీవితంలో నిజమైన భయాలు వచ్చినప్పుడు ఆ అభ్యాసం కొంత పనికొచ్చిందనే నా నమ్మకం.

మార్పు మెల్లిగా వచ్చింది. ఎనభైల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే ఊళ్ళకు ఊళ్ళు చదివాయి. చేతబడి, కాష్మోరా అనే క్షుద్రశక్తి, ఒక పసిపిల్ల మీద ప్రయోగం. అది మంచి పట్టున్న నవల, అందులో సందేహం లేదు. కానీ దాన్ని మా ఇంట్లో ఎవరూ పైకి చదవలేదు. అక్క చదివాక తలగడ కింద పెట్టేది. పిల్లలు ముట్టుకోకూడదనేవారు. అందుకే ముట్టుకున్నారు. భయం అరుగు మీంచి లేచి గదిలోకి వెళ్ళింది మొదట అప్పుడే. మూఢనమ్మకాలు పెంచుతోందని హేతువాదులు దాని మీద విరుచుకుపడ్డారు. బేతాళుడి మీద వాళ్ళెప్పుడూ అంత కోపపడలేదు.

1985లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ వచ్చింది. ఇంటిల్లిపాదీ చూశారు. అయితే టీవీలో బేతాళుడు ప్రశ్న వేసిన వెంటనే రాజు జవాబు చెప్పేసేవాడు. మధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టడానికి వీల్లేదు. తొంభైల్లో కేబుల్ వచ్చాక అద్దె పుస్తకాల షాపులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మా మేష్టారి షాపులో మొదట వీడియో క్యాసెట్లు, తర్వాత ఎస్‌టీడీ బూత్, ఆ తర్వాత సెల్‌ఫోన్ రీచార్జి. బైండు పుస్తకాలు చాలా భాగం తూకానికే పోయాయి. ‘చందమామ’ కూడా తొంభైల చివర కొంతకాలం ఆగి, మళ్ళీ లేచి, 2007లో ముంబయి సంస్థ చేతికి వెళ్ళి, కొన్నేళ్ళకే పూర్తిగా ఆగిపోయింది. మన భయానక కథల్ని ఏ సెనేటూ నిలదీయలేదు. పైకి చదివే మనిషీ, కూచుని వినే పదిమందీ కరువై, వాటంతటవే పోయాయి.

ఇప్పటి పిల్లలకు భయం తక్కువేం కాదు. ఫోన్లో కావలసినంత ఉంది, మేము చూసినదానికి వందరెట్లు. నెల ఆగక్కర్లేదు, ఒకదాని వెంట ఒకటి అదే వచ్చి పడుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కరే చూస్తారు. ఏం చూశారో ఇంట్లోవాళ్ళకు తెలీదు. ఎందుకు ఉలిక్కిపడ్డారో అడిగేవాళ్ళు లేరు. పిల్లల్ని హారర్ చెడగొడుతోందని గొంతు చించుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒంటరితనం చెడగొడుతోంది. ఆ తప్పు కథది కాదు, మనది.

దాసరివారి సీరియళ్ళు ఈమధ్య పుస్తకాలుగా మళ్ళీ వచ్చాయి. పాత సంచికలు ఇంకా కొందరి అటకల మీద ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే దయచేసి పాత పేపర్లవాడికి వెయ్యకండి. దించి, దుమ్ము దులిపి, మనవణ్ణో మనవరాల్నో పక్కన కూచోబెట్టుకుని మీరే పైకి చదవండి. బేతాళుడు ప్రశ్న వేసినప్పుడు జవాబు మీద చెయ్యి అడ్డం పెట్టడం మాత్రం మర్చిపోకండి.